సగం చూసినవాడి సంపూర్ణ తీర్పు

సినిమాల మీదా సీరియళ్ల మీదా తీర్పు చెప్పే హక్కు ఎవరిదన్న వ్యాజ్యం చాలాకాలంగా తేలకుండా నలుగుతోంది. తమదేనని సమీక్షకులు అంటారు. పాలాభిషేకాల ఖర్చు భరించేది తామే కాబట్టి తమదని అభిమానులు అంటారు. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడే దేవుడని నిర్మాతలు అంటారు కానీ, ఆ దేవుడు నోరు తెరిచి బాగాలేదంటే మాత్రం 'ఇంకోసారి కుటుంబంతో వచ్చి చూడండి, అప్పుడు అర్థమవుతుంది' అని దేవుడికే వరమిస్తారు.

నేను ఈ మూడు వర్గాల్లో దేనికీ చెందను. నేను సగం చూసేవాణ్ని. ఉతికిన బట్టలు మడతపెడుతూ, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, రాత్రి బస్సులో ముందు సీటాయన తలకు కుడివైపున మిగిలిన తెర మీద, పెళ్లికి ముందురోజు చుట్టాల ఇంట్లో నేల మీద పరిచిన పరుపుల మధ్య నుంచి చూసేవాణ్ని. ఒక సినిమా మొదటి సగానికి వేరే సినిమా రెండో సగం అతికించి చూసినా నాకు కథలో ఇబ్బంది కలగదు. ఆ ఘనత నాది కాదు, మన రచయితలది.

దీన్ని లోపమనుకునేవారు ఆలోచించాలి. సమీక్షకుడు చీకటి హాల్లో కూర్చొని, ఫోను నోరు నొక్కి, పేర్ల దగ్గర నుంచి పేర్ల దాకా కళ్లార్పకుండా చూస్తాడు. ఈ దేశంలో ఇంకెవరైనా అలా చూస్తున్నారా? ఇంటింటా టీవీ నడుస్తూ ఉంటుంది, దాని ముందు జీవితం నడుస్తూ ఉంటుంది. రెండూ అప్పుడప్పుడు ఎదురుపడి పలకరించుకుంటాయి. కాబట్టి మెజారిటీ ప్రజల పక్షాన మాట్లాడే అధికారం సగం చూసేవాడిదే. మొదటి నుంచి చివరి దాకా నేను పూర్తిగా చూసిన చిత్రం ఒకటి మాత్రం ఉంది. సినిమాకు ముందు వేసే పొగాకు వ్యతిరేక ప్రకటన, 'ఈ నగరానికి ఏమైంది' అని వాపోయేది. నిడివి తక్కువ, కథ సూటి, పాటలు లేవు, పాత్ర స్వభావంలో గందరగోళం లేదు. 2018లో ఆ ప్రశ్ననే పేరుగా పెట్టుకొని ఒక సినిమా కూడా వచ్చింది. న్యాయమే.

ముందుగా సీరియళ్ల గురించి. వాటిని తీసేది నాలాంటివారి కోసమే కనుక అక్కడ నేను ప్రేక్షకుణ్ని కాదు, దాదాపు వాటాదారుణ్ని.

సీరియల్‌ను ఎగతాళి చేసేవారు చేసే మొదటి పొరపాటు దాన్ని చూడటం. అది చూసేది కాదు, వినేది. బొమ్మలు అదనంగా ఇచ్చిన రేడియో నాటకం. ఒక పాత్ర గదిలో అడుగు పెట్టగానే ఎదుటి పాత్ర 'రండి మావయ్య గారూ, బ్యాంకుకు వెళ్లి లాకరులో నగలు పెట్టి వచ్చారా?' అంటుంది. లోకంలో ఏ కోడలూ లాకరు సంగతి వీధి దాకా వినిపించేట్టు అడగదు. కానీ వంటింట్లో పోపు వేస్తున్న మనిషికి ఇది అత్యవసర సమాచారం. పోపు చిటపటల్లో సగం మాట కొట్టుకుపోయినా నష్టం లేదు. తలుపు చాటున నిలబడిన ఆడపడుచు అదే సంగతిని మనసులో అనుకుంటుంది, మనందరికీ వినిపించేలా. ఇక ఎవరైనా ఎవరినైనా చెంపదెబ్బ కొడితే కెమెరా ఇంట్లో ఉన్న ప్రతి ముఖం మీదికీ మూడేసి సార్లు దూసుకుపోతుంది, ఉరుముల చప్పుడుతో. ఇది చేతకానితనం అనుకుంటారు. ఇదే ప్రజాస్వామ్యం. మొదటిసారి హాల్లో ఉన్నవారికి, రెండోసారి వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చినవారికి, మూడోసారి పెరట్లో బట్టలు ఆరేస్తున్న నాకు. ఎవరికీ అన్యాయం జరగదు.

ఈ కళకు శిఖరం 'కార్తీక దీపం'. 2017లో మొదలై 2023 ఆరంభం దాకా నడిచిన ఈ సీరియల్‌ను నేను ఒక్క వారం కూడా వరుసగా చూడలేదు. అయినా ఇందులోని కుటుంబ వ్యవహారాలు మా సొంత చుట్టాల వ్యవహారాల కంటే నాకు బాగా తెలుసు. దీప నల్లగా ఉంటుంది కాబట్టి అత్తగారికి గిట్టదు. ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ నల్లని మనిషి కారు. రంగు చూసి మనిషిని తక్కువ చేయకూడదని తెలుగు జాతికి బోధించడానికి, తెల్లని నటిని ఎంచుకొని రోజూ ఆమెకు నల్లరంగు పూశారు. ఈ ఉపదేశంలోని లోతు నాకు ఇప్పటికీ పూర్తిగా అందలేదు, చిక్కుడుకాయల మీద ధ్యాస ఉండటం వల్ల కావచ్చు.

భర్త కార్తీక్ గుండె జబ్బుల డాక్టరు. అతనికి పిల్లలు పుట్టే అవకాశం లేదని మోనిత అనే మరో డాక్టరు నమ్మిస్తుంది. ఆమెకు అతని మీద మనసుంది. ఇంతలో దీప గర్భవతి అవుతుంది. ఇక డాక్టర్ బాబు అనుమానం మొదలవుతుంది. పుట్టిన కవలల్లో ఒకరు తల్లి దగ్గర, ఒకరు తండ్రి దగ్గర పెరుగుతారు. ఆ అనుమానం పిల్లలు బడికి వెళ్లి, మాటలు నేర్చి, తల్లిదండ్రులను కలపడానికి పథకాలు వేసే వయసు వచ్చేదాకా సాగుతుంది. డీఎన్‌ఏ పరీక్ష ఒకటుందని ఆ డాక్టరుకు ఎవరూ చెప్పరా అని ఊరంతా తలపట్టుకుంది. వీధి చివర టీకొట్టు దగ్గర కూడా ఆ రోజుల్లో జన్యుశాస్త్రం మీద చర్చలు నడిచాయి. మా పెద్దమ్మ చదివింది ఐదో తరగతి. ఆమెకు డీఎన్‌ఏ పరీక్ష ఎందుకు చేస్తారో, ఎవరికి చేయించాలో కచ్చితంగా తెలుసు. ఒక వైద్యుడు వైద్యాన్ని మరిచిపోవడం వల్ల రెండు రాష్ట్రాల ప్రజలకు వైద్య పరిజ్ఞానం పెరగడం ప్రపంచంలో మరెక్కడా జరిగి ఉండదు. సీరియళ్ల వల్ల సమాజానికి ఉపయోగం లేదనేవారు దీనికి జవాబు చెప్పాలి.

2022లో దీపనూ కార్తీక్‌నూ ప్రమాదంలో చంపేసి, కవలలను పెద్దవాళ్లను చేసి కథ ముందుకు నడిపారు. జనం ఒప్పుకోలేదు. కొన్ని నెలల్లోనే ఇద్దరూ బతికి వచ్చారు, కాకపోతే డాక్టర్ బాబుకు జ్ఞాపకశక్తి పోయింది. భార్యను గుర్తుపట్టలేకపోయాడు. నా మట్టుకు నాకు ఇందులో మార్పేమీ కనిపించలేదు. జ్ఞాపకం ఉన్న రోజుల్లో మాత్రం గుర్తుపట్టాడా? అదే మాట అడిగితే మా పెద్దమ్మ 'ఒరేయ్, నువ్వు చూసేదీ లేదు, అడగడం మానేదీ లేదు' అని విసుక్కుంది. ఆమెకు తెలియనిది ఏమిటంటే, చూసేవాళ్లు ఎప్పుడూ అడగరు. 2024లో ఇదే పేరుతో అదే జంటతో రెండో భాగం వేరే కథగా మొదలైంది. పునర్జన్మ మీద నమ్మకం లేనివారికి ఇది కొంత ఇబ్బంది.

ఈ నెమ్మదితనాన్ని మన ఛానళ్లు కనిపెట్టాయనుకుంటే పొరపాటు. 1987లో దూరదర్శన్‌లో ఆదివారం ఉదయాలు రామాయణం వచ్చినప్పుడు మన ఊళ్లలో చాలామందికి హిందీ ముక్క రాదు. అయినా వీధులు ఖాళీ. ఒక బాణం అటునుంచి, ఒక బాణం ఇటునుంచి బయలుదేరి, ఆకాశంలో ఎదురెదురుగా నిలబడి, ఒకదాని సంగతి ఒకటి తేల్చుకోవడానికి తీసుకునే సమయంలో పక్కింటి వాళ్లు కూడా వచ్చి సర్దుకు కూర్చునేవారు. మొత్తం 78 భాగాలు. కథ అందరికీ ముందే తెలుసు, భాష ఎవరికీ తెలియదు. సగం చూసేవాడికి ఇంతకంటే ఆదర్శమైన పరిస్థితి మళ్లీ రాలేదు.

హిందీ సీరియళ్లు ఆ తర్వాత వేరే దారి పట్టాయి. 2016లో 'ససురాల్ సిమర్ కా'లో కోడలు ఈగగా మారిపోయింది. దేశమంతా నవ్వింది. నాకు మాత్రం మన రాజమౌళి మీద గౌరవం పెరిగింది. 2012లో వచ్చిన 'ఈగ'లో హీరోను మొదట్లోనే చంపేసి, ఈగగా పుట్టించి, దానికి కండలు పెంచే వ్యాయామాలు నేర్పి, ప్రియురాలి చేత కవచం చేయించి విలన్ మీదికి పంపితే ఎవరూ నవ్వలేదు, ఈల వేశారు. నేను ఆలస్యంగా వెళ్లాను కాబట్టి నా దృష్టిలో ఆ సినిమా హీరో ఈగే. నాని అందులో ఉన్నాడని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. మనిషి హీరోగా ఉన్న చాలా సినిమాల్లో కంటే అందులో ప్రతి సన్నివేశానికీ ఒక కారణం ఉంది. ఈగ ఏం చేయగలదో అదే చేసింది. చేతకానిది చేయలేదు. మన హీరోలు ఆ పాత్రను గమనించి నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

కొరియా డ్రామాల సంగతి చెప్పకపోతే మా ఇంట్లో పిల్లలు ఊరుకోరు. తెలుగు డబ్బింగ్‌తో వస్తున్నాయి కాబట్టి బట్టలు మడతపెడుతూ వినడానికి వీలుగానే ఉన్నాయి. సాధారణంగా 16 భాగాలు. అందులో ఎనిమిదో భాగం దాకా చేయి పట్టుకోవాలా వద్దా అని ఆలోచన, పన్నెండో భాగంలో విడిపోవడం, మధ్యలో వాన, గొడుగు, వేడి నూడుల్స్. ఇవి చూసే ఆడపిల్లలు మన సీరియళ్లు చూసే పెద్దమ్మలను చిన్నచూపు చూడటం మాత్రం నాకు నచ్చదు. 2002లో వచ్చి ఆ దేశాన్నీ, ఆ తర్వాత జపాన్‌నూ ఊపేసిన 'వింటర్ సొనాటా' కథ ఏమిటి? హీరోకు కారు ప్రమాదం, జ్ఞాపకం పోవడం, వేరే పేరుతో తిరిగి రావడం. డాక్టర్ బాబు కంటే రెండు దశాబ్దాలు ముందే వాళ్లు ఆ తెలివి ప్రదర్శించారు. తేడా అల్లా వాళ్లు 20 భాగాల్లో ముగించారు. మనవాళ్లకు 20 భాగాలు ఆ కారు ఘాట్ రోడ్డు ఎక్కడానికే సరిపోవు.

అక్కడి అత్తగార్లు మాత్రం వేరు. కోటీశ్వరుడి తల్లి ఒక పేద అమ్మాయిని కాఫీ హోటలుకు పిలిపించి, బల్ల మీద ఒక కవరు జరుపుతుంది. అందులో డబ్బు. 'ఇది తీసుకొని మా అబ్బాయిని వదిలిపెట్టు' అంటుంది. ఆ అమ్మాయి అభిమానపడి కన్నీళ్లు పెట్టుకుంటుంది. అప్పుడు ఈవిడ గ్లాసులో నీళ్లు ఆమె ముఖాన కొడుతుంది. ఈ దృశ్యం దగ్గర మా ఇంట్లో పెద్దవాళ్లందరూ నిశ్శబ్దమైపోయారు. అబ్బాయి తరఫువాళ్లు అమ్మాయికి ఎదురు డబ్బు ఇవ్వడం అనే ఆలోచన మనకు పూర్తిగా కొత్త. మన పద్ధతిలో కవరు ఎప్పుడూ ఒకే దిశలో ప్రయాణిస్తుంది, దానితో పాటు కారు కూడా.

2021లో వచ్చిన 'స్క్విడ్ గేమ్' చూసి ప్రపంచం వణికిందట. అప్పులపాలైన 456 మంది, తలకు 10 కోట్ల కొరియా వన్ల చొప్పున 4,560 కోట్ల వన్ల బహుమతి. అందరికీ ఒకే రంగు దుస్తులు. పేర్లు ఉండవు, అంకెలే. అంతస్తుల మంచాల మీద పడక, గంట కొడితే లేవడం, బయటికి వెళ్లకుండా కాపలా, ప్రతి పరీక్ష తర్వాతా కొందరు తగ్గిపోవడం. తెరను అప్పుడప్పుడు చూస్తున్న నేను ఇది ఇంటర్మీడియట్ హాస్టల్ మీద తీసిన డాక్యుమెంటరీ అనుకున్నాను. మా పిల్లవాడు తల ఎత్తకుండా, 'లేదు నాన్నా, వీళ్లకు ఓటు వేసే హక్కుంది' అన్నాడు. నిజమే. సగం మందికి మించి వద్దంటే ఆట ఆపేసి ఇంటికి వెళ్లిపోవచ్చని ఆ ఒప్పందంలో ఒక నిబంధన ఉంది. మన దగ్గర ఫీజు కట్టేటప్పుడు ఇచ్చే కాగితాల్లో అలాంటిది నాకు కనిపించలేదు.

ఇక మన పెద్ద సినిమాలు. ఇవి చూడటానికి పెద్దగా శ్రద్ధ అవసరం లేదు. హీరో కారు తలుపు తీసినప్పటి నుంచి రెండో కాలు నేల మీద పెట్టేలోపు మంచినీళ్లు తాగి రావచ్చు.

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్నతో 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశాన్ని నిలబెట్టారు. పార్లమెంటు మొదలు పాన్‌షాపు వరకు అదే చర్చ, అదే ఊహ. నేను కూడా నాకు వీలైనంత మేరకు సగం ఉత్కంఠతో ఎదురుచూశాను. చివరికి తేలింది ఏమిటి? పైనుంచి ఉత్తర్వు వచ్చింది, చంపాడు. రాజమాత చెప్పింది, సింహాసనానికి కట్టుబడిన బానిస వంశంవాడు కాదనలేకపోయాడు. ఈ జవాబు కోసం 21 నెలలు ఎందుకు? మండల కార్యాలయంలో ఏ గుమస్తాను అడిగినా ఆ సాయంత్రమే చెప్పేవాడు. తప్పని తెలుసు, మనసుకు ఇష్టం లేదు, కానీ ఫైలు మీద పైవారి సంతకం ఉంది. తెలుగు తెర మీద ప్రభుత్వోద్యోగి మనోవేదనను ఇంత ఖర్చు పెట్టి చూపించిన సినిమా మరొకటి లేదు. ఉద్యోగ సంఘాలు దీన్ని ఎందుకు గుర్తించలేదో తెలియదు.

'పుష్ప' రెండో భాగం నిడివి 3 గంటల 20 నిమిషాలు. సారాంశం ఇది: భార్య ముఖ్యమంత్రితో ఒక ఫొటో దిగి రమ్మంటుంది. స్మగ్లర్‌తో ఫొటో దిగనని ముఖ్యమంత్రి అంటాడు. అయితే ముఖ్యమంత్రినే మార్చేస్తానని భర్త బయలుదేరుతాడు. శేషాచలం ఎర్రచందనం, మాల్దీవులు, జపాన్, జాతరలో చీర కట్టుకొని వేసిన తాండవం, అన్నీ ఆ ఒక్క ఫొటో ఖర్చులే. విమర్శకులు ఇందులో వర్గపోరాటం చూశారు, హింస చూశారు. నేను ఒక సగటు సంసారిగా చూశాను. భార్య అడిగినదాన్ని మరునాటికి మరిచిపోకుండా ఉండటం అనే గుణం తెలుగు సినిమా హీరోలో మొదటిసారి కనిపించింది. దీని ప్రభావం ఇళ్లలో ఎలా ఉంటుందో దర్శకుడు ఆలోచించలేదు. గ్యాసు బుక్ చేయమన్న మాట రెండుసార్లు చెప్పించుకున్నందుకు నాకు వచ్చిన పోలిక ఇక్కడ రాయలేను.

ఇంతవరకు చెప్పినవన్నీ మర్యాదగల చిత్రాలు. ప్రేక్షకుడి పని ప్రేక్షకుణ్ని చేసుకోనిస్తాయి. ఇప్పుడు అలా చేసుకోనివ్వని వాటి మీద నా ఫిర్యాదు.

మొదటి ముద్దాయి 'మాయాబజార్'. 1957లో తీశారు. నిడివి మూడు గంటలు దాటుతుంది. పాండవుల ఇంటి పెళ్లి కథ, పాండవులు మాత్రం ఎక్కడా కనిపించరు. ఏ సన్నివేశం దగ్గర వచ్చి కూర్చున్నా అర్థమవుతుంది. సగం చూసేవారికి ఇంత అనుకూలమైన సినిమా ఇంకోటి లేదని నమ్మి దగ్గరికి వెళతాం. అదే మోసం. లోపలికి రావడానికి వంద తలుపులు పెట్టారు, బయటికి ఒక్కటీ పెట్టలేదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారిన తర్వాత సావిత్రిని చూడండి. నలుగురిలో ఉన్నప్పుడు సిగ్గుపడే పెళ్లికూతురు. ఎవరూ లేనప్పుడు అదే ముఖంలోకి ఎస్వీ రంగారావు ఠీవి దిగుతుంది. నడక మారుతుంది, చూపు మారుతుంది, భుజాలు వెడల్పయినట్టు కనిపిస్తాయి. మీసం మాత్రమే తక్కువ. కెమెరా మూడుసార్లు దూసుకుపోదు. ఉరుము ఉరమదు. ఒక్కసారే జరుగుతుంది, చూసినవాడు చూస్తాడు, చొక్కా మడతపెడుతున్నవాడు పోగొట్టుకుంటాడు. కాబట్టి చొక్కా పక్కన పెట్టవలసి వస్తుంది. ఆ తర్వాత పెళ్లిపీటల మీద లక్ష్మణ కుమారుడుగా రేలంగి అవస్థ. ఇక బట్టల సంగతి మర్నాడే.

రెండో ముద్దాయి 2023లో వచ్చిన 'బలగం'. యెల్దండి వేణు దర్శకుడు. హాస్యనటుడిగా తెలిసినవాడు కదా, పనిచేసుకుంటూ చూడవచ్చులే అనుకున్నాం. సిరిసిల్ల వైపు పల్లెలో కొమురయ్య అనే పెద్దాయన చనిపోతాడు. పిట్టకు పెడితే పిట్ట ముట్టదు. అంతే కథ. ఎందుకు ముట్టదు అంటే, కొడుకులకు పడదు, అల్లుడు ఏళ్లుగా గడప తొక్కలేదు. అల్లుడు ఎందుకు తొక్కలేదు అంటే, ఒకప్పుడు విందులో నల్లి బొక్క తన పళ్లెంలో పడలేదు. బాహుబలిలో మహాసామ్రాజ్యం చీలడానికి అయిన ఖర్చు ఎంతో మనకు తెలుసు. ఇక్కడ ఒక కుటుంబం చీలడానికి అయిన ఖర్చు మేకకాలులో ఒక ముక్క. మన ఇళ్లలో ధర ఎంత పలుకుతుందో తెలిసినవాళ్లకు అది ఎక్కువే అనిపిస్తుంది, తక్కువ కాదు.

ఆ సినిమాను ఊళ్లలో తెరలు కట్టి, జనమంతా నేల మీద కూర్చొని చూశారు. మా ఇంట్లో టీవీలోనే చూశాం. చివర బుడగ జంగాల పాట మొదలైన దగ్గర ఫోను మోగితే ఎవరూ లేవలేదు. పెద్దమ్మ కుక్కరు విజిళ్లు లెక్కపెట్టడం మానేసింది. పప్పు అడుగంటింది. చిక్కుడుకాయలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మా బాబాయి, పొలం గట్టు తగాదా తర్వాత అన్నగారి ఇంటి వైపు చూడనివాడు, పాట మధ్యలో లేచి కండువా ముఖానికి అడ్డం పెట్టుకొని దొడ్లోకి వెళ్లాడు, దగ్గు వస్తోందంటూ. ఇలాంటి నష్టానికి పరిహారం చెల్లించే ఏర్పాటు సినిమా పరిశ్రమలో ఎక్కడా లేదు.

అందువల్ల సెన్సారు బోర్డువారికి ఒక సూచన. మీ దగ్గర అందరికీ 'యు', పెద్దల తోడుతో 'యుఏ', పెద్దలకు మాత్రమే 'ఎ' ఉన్నాయి. వైద్యుల వంటి ప్రత్యేక వర్గాల కోసం 'ఎస్' అని కూడా ఒకటి పెట్టారు. దాని ప్రయోజనం డాక్టర్ బాబుకు అందకపోవడం వేరే విషయం. వీటికి తోడు ఇంకో అక్షరం కావాలి. స్టవ్ మీద ఏదైనా పెట్టి ఉన్నవారు, ఇస్త్రీపెట్టె వేడెక్కించినవారు, అన్నదమ్ములతో మాటలు లేనివారు చూడరాదని పెద్ద అక్షరాలతో ముందే హెచ్చరించాలి. ఆ అక్షరం పొందే సినిమాలు ఏడాదికి ఒకటో రెండో ఉంటాయి కాబట్టి బోర్డుకు పెద్దగా పని పెరగదు. మాయాబజార్‌కు మాత్రం 1957 తేదీ వేసి ఇవ్వగలరు.